ఒక్క ఫిల్టరు మార్చడానికి రోజున్నర: లోడరు బిగించిన ట్రాక్టరు కేసు

గంటల మీటరు 52 దగ్గర ఉంది. ట్రాక్టరు కొత్తది, ముందు బిగించిన లోడరూ (మట్టి ఎత్తే బకెట్టూ దాని చేతులూ) కొత్తదే. మొదటి సర్వీసు 50 గంటలకు చేయించాలని ఆ బండి పుస్తకంలో ఉంది కాబట్టి యజమాని వేళకే తెచ్చాడు. పని చీటీ మీద నేను రాసుకున్నది ఒక్క ముక్క: ఇంజనాయిలు, ఫిల్టరు మార్పు. మామూలుగా ముప్పావు గంట పని. ఆ బండి నా షెడ్డులోంచి కదిలింది మర్నాడు మధ్యాహ్నం.

ఇంజనులో లోపం లేదు, లోడరులోనూ లేదు. విడివిడిగా చూస్తే రెండూ మంచి సరుకే. కష్టమంతా రెండిటినీ కలిపిన చోట పుట్టింది. లోడర్లు, డోజరు బ్లేళ్ళు, ముందు బరువుల స్టాండ్లు బిగించిన బండ్ల మీద ఈ ఇబ్బంది నాకు మళ్ళీ మళ్ళీ ఎదురవుతోంది. బిగించినవాడు ఆ రోజుతో వెళ్ళిపోతాడు, విప్పాల్సినవాడు 50 గంటల తర్వాత వస్తాడు. వీళ్ళిద్దరూ ఎప్పుడూ ఎదురుపడరు. అందుకే ఈ కేసును కొలతలతో సహా రాస్తున్నాను. బిగించే పనిలో ఉన్నవాళ్ళు చదవాలని నా కోరిక.

ఈ ఇంజనుకు ఆయిల్ ఫిల్టరు ఎడమ పక్కన అడ్డంగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. లోడరు లేని బండి మీద అంతకన్నా సుఖమైన చోటు ఉండదు, పక్కన నిలబడి చేత్తో విప్పేయొచ్చు. లోడరు ఎక్కాక సంగతి మారిపోయింది. లోడరు చేతుల బరువంతా మోసే మందపాటి ఇనప పలక, అంటే బ్రాకెట్టు, క్లచ్ హౌసింగుకూ (క్లచ్‌ను కప్పే ఇనప గూటికీ) ముందు ఛాసిస్‌కూ బోల్టులతో పట్టి, ఫిల్టరు మూతికి, అంటే బయటి కొసకి, సరిగ్గా ఎదురుగా గోడలా నిలబడింది. మూతికీ పలకకూ మధ్య ఖాళీ 38 మిల్లీమీటర్లు. పోనీ కింద నుంచి చెయ్యి పెడదామంటే లోడరు హైడ్రాలిక్ పైపులు నాలుగింటిని ఒకే క్లాంపులో కట్టగట్టి ఫిల్టరు పొట్టకు ఆనుకునేలా తీసుకెళ్ళారు. పైన స్టార్టరు మోటారు.

ఈ రకం డబ్బా ఫిల్టరు తన గొట్టం మీద మరతో కూర్చుంటుంది. మర పూర్తిగా విడిపోవాలంటే డబ్బా 20 మిల్లీమీటర్ల దాకా బయటికి జరగాలి. 38లో ఆ జాగా ఉంది. కానీ మర విడిపోయిన డబ్బా ఎటు పోతుంది? ఎదురుగా పలక, కింద పైపులు. తిప్పడానికి దారి దొరికినా తీయడానికి దారి లేదు.

నా దగ్గరికి వచ్చేటప్పటికే పరిస్థితి ఇంకాస్త ముదిరింది. ముందురోజు యజమాని తమ్ముడు ఇంటి దగ్గరే మార్చేద్దామని చూశాడు. బెల్టు పానా లోపలికి పోలేదు. చైను పానా పోయింది గానీ దాని పిడి తిప్పడానికి జాగా లేదు. చివరికి చాలామంది చేసేదే చేశాడు: పొడవాటి స్క్రూడ్రైవరు డబ్బాలో గుచ్చి అడ్డంగా లాగాడు. రేకు పొడవునా చిరిగిపోయింది, ఫిల్టరు మాత్రం కదల్లేదు. చిరిగిన ఫిల్టరుతో ఇంజను తిప్పకూడదు కాబట్టి బండిని లాక్కుని తెచ్చారు. ఈ పద్ధతి ఎందుకు దగా చేస్తుందో తెలుసుకోవాలి. డబ్బా రేకు పల్చన. బిగుతంతా ఉన్నది అడుగున ఉండే మందపాటి పళ్ళెం దగ్గర, దాని రబ్బరు రింగు దగ్గర. ఆ పళ్ళేనికి ఎంత దూరంగా గుచ్చి తిప్పితే రేకు అంత తొందరగా చిరుగుతుంది. ఆ కుర్రాణ్ణి నేనేమీ అనలేదు. జాగా ఇవ్వకుండా బిగించినవాళ్ళది ఆ తప్పు.

"మేస్త్రీ, ఒక్క ఫిల్టరే కదా. సాయంత్రానికి ఇచ్చేస్తావా?" అని అడిగాడు యజమాని.

"లేదన్నా. రేకు చిరిగింది కాబట్టి ఇక పానాకు పట్టు దొరకదు. పళ్ళేన్నే తిప్పాలి. దానికి చెయ్యి పట్టాలంటే లోడరు దించి ఎడమ బ్రాకెట్టు విప్పాలి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. కొని రెండు నెలలు కూడా కాని బండి.

బ్రాకెట్టు విప్పితే బయటపడ్డవి

బకెట్టు నేలకు ఆనించి, లోడరును దాని సొంత కాళ్ళ మీద నిలబెట్టి, ఇంజను ఆగి ఉండగానే లివరును అన్ని దిక్కులకూ కదిపి పైపుల్లో పీడనం వదిలాం. ఈ చివరి మెట్టు ఎవరూ దాటెయ్యకూడదు. ఇంజను ఆగినంత మాత్రాన పైపులో బలం పోదు. ఆ తర్వాత పైపులు కలిపే కప్లర్లు ఊడదీసి, ట్రాక్టరును వెనక్కి నెట్టి, బ్రాకెట్టును చైను బ్లాకుకు తగిలించి బోల్టుల పని మొదలుపెట్టాం.

ఎడమ బ్రాకెట్టుకు ఆరు బోల్టులు, అన్నీ 16 మిల్లీమీటర్ల మందంవి, 8.8 గ్రేడువి (ఉక్కు బలం చెప్పే గుర్తు). సాకెట్టు పెట్టకముందే ఒక వాషరు చుట్టూ సన్నటి ఎర్రపొడి కనిపించింది. వేలితో తుడిస్తే ముగ్గులా అంటుకుంది. వాన తుప్పు అలా పొడిపొడిగా ఉండదు. రెండు ఇనప ముఖాలు గట్టిగా నొక్కుకోకుండా పని చేసినంతసేపూ ఒకదాని మీద ఒకటి రవ్వంత రాసుకుంటూ ఉంటేనే ఈ పొడి రాలుతుంది. అంటే ఆ చోట పలక హౌసింగును పట్టుకుని లేదు. సందులు కొలిచే ఫీలర్ గేజిలోని సన్నటి ఆకు పలక వెనక్కి ఇట్టే దూరింది.

అయితే అదే బోల్టు మీద టార్క్ పానాను (పెట్టిన బిగింపు చేరగానే టక్కుమనే పానా) 200 న్యూటన్ మీటర్లకు పెట్టి చూస్తే, బోల్టు కదలకుండానే టక్కుమంది. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు వెంటనే అడిగాడు.

"టక్కుమంది కదన్నా, మరి వదులెలా అవుతుంది?"

మంచి ప్రశ్న. టార్క్ పానా చెప్పేది బోల్టు తలకు ఎంత బలం పెట్టామన్నది మాత్రమే. ఆ బలం పలకను నొక్కడానికి పోయిందా, బోల్టు కొస రంధ్రం అడుగును గుద్దుకోవడంలో పోయిందా అన్నది దానికి తెలియదు. బోల్టు బయటికి తీసి కొలిచాం. పొడవు 50 మిల్లీమీటర్లు. రంధ్రంలో మర లోతు 32. పలక మందం 12, వాషరు 3, కలిపి 15. 50లోంచి 15 పోతే 35. అంటే 32 లోతున్న రంధ్రంలోకి 35 దింపాలని చూశారు. బోల్టు అడుగుకు తగిలి ఆగింది, పానా టక్కుమంది, పలక మాత్రం 3 మిల్లీమీటర్ల దూరంలో ఉండిపోవాల్సింది. మిగతా అయిదు బోల్టులు దాన్ని లాగి పట్టుకోవడంతో వెనక సన్నటి సందే మిగిలింది, తల కింద వాషరు మాత్రం వదులు.

మరి 50 బోల్టు అక్కడికి ఎలా వచ్చింది? ముందు రెండు రంధ్రాల దగ్గర పలక వెనక 6 మిల్లీమీటర్ల స్పేసరు, అంటే ఎడం ఉంచే బిళ్ళ, ఉంది. అక్కడ 50 బోల్టు పెడితే 29 లోపలికి పోతుంది, సరిగ్గా సరిపోతుంది. స్పేసరు లేని నాలుగు రంధ్రాలకు 45 బోల్టులు, 30 లోపలికి పోతాయి. లోడరు కిట్టులో రెండు పొడవులూ ఒకే సంచిలో వస్తాయి. చూడ్డానికి తేడా తెలియదు. ఒకటి అటు, ఒకటి ఇటు మారిపోయాయి. స్పేసరు ఉన్న చోట పడ్డ 45 బోల్టు 24 మిల్లీమీటర్లే దిగింది. పోత ఇనుములో బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు మర పట్టుకోవాలని నేను పాటించే లెక్క. 16కు ఒకటిన్నర రెట్లంటే 24. ఆ చోట అదృష్టం బాగుండి హద్దులో పడింది.

ఏ రంధ్రంలో ఏ పొడవు పెట్టాలో కిట్టుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది. ఆ పుస్తకం ట్రాక్టరు టూల్ బాక్సులో దొరికింది. ప్లాస్టిక్ కవరు చింపలేదు. నాకు బాగా బాధ కలిగించిన సంగతి ఇదే. బొమ్మ గీసినవాడు తన పని చేశాడు, దాన్ని చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.

ఇంకో బోల్టు సగం వరకు తేలిగ్గా వచ్చి, ఆ తర్వాత కిర్రుమంటూ వచ్చింది. మరలో నలిగిన ఇనుము, దానితో పాటు రంగు పెచ్చులు. హౌసింగుకు ఫ్యాక్టరీలో రంగు కొట్టినప్పుడు ఈ ఖాళీ రంధ్రాల్లోకి కూడా రంగు పోతుంది. లోపల గడ్డకట్టిన ఆ రంగును ట్యాపుతో (రంధ్రంలో మర కోసే పనిముట్టు) శుభ్రం చెయ్యకుండా, బోల్టును చేత్తో మొదలుపెట్టకుండా, నేరుగా ఇంపాక్ట్ గన్ను పెట్టి కొట్టేశారు. బోల్టు వంకరగా ఎక్కి రంధ్రం మొదట్లోని మూడు మరలు తినేసింది. ఈ సైజు మరలో ఒక్కో చుట్టు 2 మిల్లీమీటర్లు, కాబట్టి పోయింది 6. 16 సైజు ట్యాపును నూనె వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మెల్లగా దించాను. లోపలి మర బాగానే ఉంది. 45 బోల్టు 30 దిగితే అందులో 6 పోను 24 పట్టు. మళ్ళీ అదే హద్దు. మర ఇన్సర్టు (రంధ్రం పెద్దది చేసి లోపల వేసే కొత్త మర) వెయ్యాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మంచి మర 24 ఉన్నప్పుడు రంధ్రాన్ని ఇంకా పెద్దది చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. యజమానికి ఆ రంధ్రం చూపించి, దీని మీద కన్నేసి ఉంచాలని చెప్పి, కొత్త బోల్టు వేశాను.

ఇక ఫిల్టరు పళ్ళెం. బ్రాకెట్టు పక్కకు జరిగాక ఆ పని పావుగంటలో అయింది. పళ్ళెంలో ఆయిలు పోయే చిన్న రంధ్రాలు వరసగా ఉంటాయి. ఇనప పట్టీకి ఎదురెదురు రంధ్రాల దూరంలో రెండు పొట్టి బోల్టులు బిగించి, వాటిని ఆ రంధ్రాల్లో పెట్టి తిప్పితే కటుక్కుమని వదిలింది. ఉలితో అంచు మీద కొట్టే పద్ధతీ ఉంది. కానీ ఉలి జారితే ఇంజను మీది ముఖానికి గీత పడుతుంది, ఆ గీత లోంచి జీవితాంతం ఆయిలు కారుతుంది.

పళ్ళెం చేతిలోకి వచ్చాక తిప్పి చూశాను. గాడిలో రబ్బరు రింగు లేదు. ఇలాంటప్పుడు చెయ్యి ఆపి ఆలోచించాలి. టార్చీ వేస్తే ఇంజను ముఖం నల్లగా, ఆయిలుతో నిగనిగలాడుతూ ఉంది. రింగూ నల్లదే, కంటికి ఆనదు. గుడ్డతో తుడిచి చూపుడు వేలి గోరుతో ముఖం చుట్టూ మెల్లగా గీసుకుంటూ వెళ్ళాను. పావు చుట్టు వెళ్ళాక గోరు చిన్న గట్టు ఎక్కింది. రింగు అక్కడే అతుక్కుని ఉంది. దాని మీదే కొత్త ఫిల్టరు వేసి ఉంటే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చునేవి. ఇంజను పట్టుకోగానే పీడనానికి పై రింగు పక్కకు జారి, ఆయిలంతా నిమిషం లోపే నేల మీదికి వచ్చేసేది. బ్రాకెట్టు అడ్డం ఉన్నప్పుడు ఆ ముఖం అసలు కనపడదు, గోరూ అందదు. అందుకే ఫిల్టరు అందకపోవడాన్ని వట్టి చిరాకుగా కొట్టిపారెయ్యొద్దంటాను. కనపడని చోట చేసిన పని ఇంజను ప్రాణం మీదికి తెస్తుంది.

మళ్ళీ ఇదే గొడవ రాకుండా

విప్పింది ఎలాగూ విప్పాం, తర్వాతి సర్వీసుకు దారి వెయ్యకుండా మళ్ళీ బిగించడం నా మనసుకు ఒప్పలేదు. పలకలో చెయ్యి పట్టేంత కిటికీ కోయించమని యజమాని అడిగాడు. ఒప్పుకోలేదు. లోడరు బరువూ, బకెట్టు గుద్దుకున్నప్పటి దెబ్బా మోసేది ఆ పలకే. తయారీదారు చెప్పకుండా దానికి కోతలు, వెల్డింగులు పెట్టకూడదు. పొట్టి ఫిల్టరు వేద్దామన్న ఆలోచనా వచ్చింది. మర సరిపోయినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్టు కాదు, ఫిల్టరు మూసుకుపోతే ఆయిలును దాటించే లోపలి బైపాసు వాల్వు ఎంత పీడనానికి తెరుచుకుంటుందో అది కూడా ఇంజనుకు తగ్గట్టు ఉండాలి. పైగా అడ్డంగా కూర్చునే ఫిల్టరులో ఆయిలు వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు మంచిది ఉండకపోతే, ప్రతి ఉదయం ఇంజను కాసేపు ఎండుగా తిరుగుతుంది. గొట్టాలు వేసి ఫిల్టరును దూరంగా మార్చే కిట్లు ఉన్నాయి, నేనూ వేరే బండ్లకు వేశాను. కానీ వారంటీలో ఉన్న కొత్త ఇంజనుకు, అదీ రాళ్ళూ మట్టీ ఎగిరే చోట, పీడనంతో ఆయిలు పోయే గొట్టాలను అదనంగా వేలాడదీయడం నాకు నచ్చదు.

అడ్డం నిజానికి ఎవరిదని మళ్ళీ మొదట్నుంచీ చూశాను. పలకను కదపలేం. పైపుల్ని కదపొచ్చు. పుస్తకంలోని బొమ్మ ప్రకారం ఆ పైపులు ఫిల్టరు కింద నుంచి పోనే పోవు, ఛాసిస్ లోపలి అంచు వెంట కిందుగా పోవాలి. దగ్గరి దారి అని ఫిల్టరు కిందకి లాగేశారు. క్లాంపు విప్పి బొమ్మలో ఉన్న దారిలోకి మార్చాను.

ఇక్కడ నేనూ ఒక తప్పు చేశాను. మార్చి బిగించి చూస్తే అంతా చక్కగా కనిపించింది. అలవాటు కొద్దీ ఒక ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి యాక్సిల్‌ను దాని హద్దు దాకా ఊగనిచ్చేసరికి, యాక్సిల్ కొమ్ము లోపలి పైపును తాకింది. చదును నేల మీద నిలబెట్టిన బండిలో ఇది ఎప్పటికీ తెలియదు. గుంటలో పడ్డ రోజు పైపు నలిగేది. క్లాంపును రెండు వేళ్ళ మేర వెనక్కి జరిపి, ఈసారి రెండు చక్రాలూ మార్చి మార్చి ఎత్తి, స్టీరింగును రెండు చివరలకూ తిప్పి, లోడరు పైకీ కిందికీ ఆడించి చూశాకే వదిలాను.

పైపులు పోయాక ఫిల్టరు కింద అరచెయ్యి పట్టేంత ఖాళీ వచ్చింది. మర విడిన డబ్బా ఇక నేరుగా కిందికి దిగుతుంది. తిప్పడానికి టోపీ పానా ఎంచుకున్నాను, ఫిల్టరు మూతికి టోపీలా తొడిగేది. రాచెట్టు పెట్టాలంటే 38 మిల్లీమీటర్లు చాలవు. కానీ కొన్ని టోపీలకు వీపు మీద ఆరుపలకల నట్టు లాంటి తల ఉంటుంది. దానికి రింగు పానా వేస్తే చాలు. టోపీ మొత్తం ఎత్తు 30, కాబట్టి పలక పక్క నుంచి జారి ఫిల్టరు మీద కూర్చుంటుంది.

బిగింపు దగ్గర కూడా ఒక జాగ్రత్త. ఆ ఇరుకులో అరచేత్తో పట్టుకుని బిగించలేం, వేళ్ళ కొసలతో ఎంత బిగిసిందో తెలియదు. కొత్త డబ్బా మూతి మీద నాలుగు వైపులా పెయింటు పెన్నుతో గీతలు పెట్టాను. రింగుకు ఆయిలు రాసి, ముఖానికి తగిలేదాకా వేళ్ళతో తిప్పి, అక్కడి నుంచి మూడు గీతలు దాటేదాకా టోపీతో. అంటే ముప్పావు చుట్టు, ఆ ఫిల్టరు మీద అచ్చు వేసిన లెక్క అంతే. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, బ్రాకెట్టు అన్ని చోట్లా ఆనాక, ఎదురెదురుగా బిగించాం. ప్రతి తల మీదుగా పలక మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాం. ఇంజను పట్టుకుని, ప్రెషరు లైటు ఆరిందాకా చూసి, ఆపి, ఫిల్టరు చుట్టూ తెల్ల కాగితం తిప్పాను. పొడిగా వచ్చింది.

ఇదే జబ్బు వేరే రూపాల్లోనూ చూస్తుంటాను. రోటవేటరుకు వచ్చిన పి.టి.ఓ. షాఫ్టు (ట్రాక్టరు బలాన్ని పనిముట్టుకు అందించే కడ్డీ) పొడవు ఎక్కువైనా కోయకుండా తగిలిస్తారు. రోటవేటరు ఎత్తగానే గొట్టాలు ఒకదాన్లో ఒకటి అడుగు దాకా దూరి, గేరుబాక్సు బేరింగును గుద్దుతాయి. దగ్గరికి వచ్చిన స్థితిలో ఓ 25 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, రెండు గొట్టాలూ సమానంగా కోసి, పని చేసేటప్పుడు కనీసం మూడో వంతు ఒకదాన్లో ఒకటి ఉండేలా చూసుకుంటే ఆ బాధ ఉండదు. వెనక పనిముట్టును పట్టే కింది లింకులో 28 మిల్లీమీటర్ల రంధ్రానికి బుష్ లేకుండా 22 పిన్ను వేసి పంపడమూ ఇలాంటిదే. కార్ల సంగతి వేరు, అక్కడ బిగించినవాడి తప్పు కాదు, కొన్నిటికి ఫిల్టరును అడ్డదూలం మీదే పెట్టి ఇస్తారు. విప్పగానే ఆయిలు దూలం మీద పారి, వారం రోజులు చుక్కలు చుక్కలుగా కారుతుంది. లీకేజీ అనుకుని బండి మళ్ళీ తెస్తారు. ప్లాస్టిక్ సీసాను నిలువునా కోసి దోనెలా కింద పెడితే ఆయిలు నేరుగా నేల మీది ఆయిలు తొట్టిలోకి వస్తుంది.

ఈ కేసు తర్వాత నా షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ సామాను బిగించినా చివరి బోల్టు బిగించేముందు ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, గేజి కడ్డీ, డ్రెయిన్ బోల్టు, గ్రీజు నిపుల్స్ అన్నిటికీ పానా పెట్టి చూడాలి. చూశాం అనుకోవడం కాదు, పానా తగిలించాలి. ఎక్కడైనా తగలకపోతే అప్పుడే యజమానిని పిలిచి చూపించాలి. ఒప్పుకుంటే మారుస్తాం, లేదంటే ఆయనకు తెలిసే పని ముందుకు పోతుంది.

10 గంటల పని తర్వాత బండి వచ్చినప్పుడు బోల్టులు మళ్ళీ చూశాను. రెండు రవ్వంత బిగింపు తీసుకున్నాయి, కొత్తగా బిగించిన ముఖాలు సర్దుకోవడం మామూలే. వాటి మీద గీతలు తుడిచి కొత్తవి గీశాం. 302 గంటలకు తర్వాతి ఫిల్టరు మార్పు. ఈసారి కుర్రాడే చేశాడు, లోడరు ముట్టుకోకుండా, 25 నిమిషాల్లో. పాత ఫిల్టరు తిప్పి రబ్బరు రింగు దానితోనే వచ్చిందని నాకు చూపించాకే కొత్తది చేతిలోకి తీసుకున్నాడు. మర తిన్న ఆ రంధ్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టార్చీ వేశాను. వాషరు చుట్టూ ఎర్రపొడి లేదు. బోల్టు తల మీది తెల్లగీతా, పలక మీది తెల్లగీతా ఒకే వరసలో ఉన్నాయి.